ఆగస్టు ఆటకు పందెమా, పిన్నిగారూ!

అయ్యో, పోలీసులు పట్టుకుపోయే సంగతేం కాదు పిన్నిగారూ, మీరు ముందు కంగారు పడకండి. మీ చెల్లెలిగారబ్బాయి ఉండేది ఎడిసన్‌లో కదా! న్యూజెర్సీలో ఆటల మీద పందెం కాయడం నేరం కాదు. 2018 మే నెలలో అమెరికా సుప్రీంకోర్టు ఆ పందేలను ఆపిన పాత చట్టాన్ని కొట్టేసింది. ఆ కేసు చివరిదాకా కొట్లాడి గెలిచింది న్యూజెర్సీ రాష్ట్రమే. జూన్ కల్లా అక్కడ పందేలు మొదలైపోయాయి. ఇప్పుడు ముప్పైకి పైగా రాష్ట్రాల్లో కాస్తున్నారు. మన టెక్సాస్‌లో మాత్రం ఇంకా ఒప్పుకోలేదు. మన వైపు తెలంగాణలో 2017లో, ఆంధ్రాలో 2020లో ఆన్‌లైన్ పందేలు ఆపేశారు. 2025లో ఢిల్లీ వాళ్ళు దేశమంతటికీ కలిపి చట్టం తెచ్చారు. అందుకే మీకు వినగానే గుండె దడదడలాడింది.

నా మనసు చివుక్కుమన్నది మాత్రం అందుకు కాదు. ప్రీసీజన్ మీద కాశాడన్నారు చూడండి, అందుకు.

అదేమిటంటే, ఇక్కడి ఫుట్‌బాల్ లీగులో 32 జట్లు. అసలు ఆటలు సెప్టెంబరులో మొదలవుతాయి, జట్టుకు 17. అంతకుముందు జూలై నెలాఖరు నుంచి ట్రైనింగ్ క్యాంపులు, ఆగస్టులో ప్రీసీజన్ ఆటలు. మన ఫ్రిస్కోలోనే ఉంది కదా కౌబాయ్స్ జట్టు వాళ్ళ ఆఫీసూ, ప్రాక్టీసు మైదానమూ. మొన్న మీ అబ్బాయి చూపించాడన్నారే, అదే. అంత మైదానం పెట్టుకుని కూడా క్యాంపుకు కాలిఫోర్నియాలో ఆక్స్‌నార్డ్‌కు పోతారు, అక్కడి సముద్రపు గాలి కోసం. మీరు పొద్దున్న ఏడింటికే మొక్కలకు నీళ్ళు పోసి లోపలికి పరుగెత్తే ఈ ఎండలో హెల్మెట్లు పెట్టుకుని, భుజాలకు అంతంత కవచాలు తొడుక్కుని పరుగెడితే ఏం కావాలి?

ఏమవుతుందో 2001లో చూశారు. మిన్నెసోటా వైకింగ్స్ జట్టులో కోరీ స్ట్రింగర్ అని భారీ మనిషి, 27 ఏళ్ళు. మంకేటోలో క్యాంపు. జూలై 31న ప్రాక్టీసు చేస్తూ వడదెబ్బకు పడిపోయాడు, తెల్లారకముందే ప్రాణం పోయింది. ఆ తర్వాత ఆయన భార్య పోరాటం వల్ల కనెక్టికట్ యూనివర్సిటీలో ఆయన పేరనే ఒక సంస్థ పెట్టారు. వాళ్ళు అందరికీ చెప్పే మాట ఒక్కటే: ఎండదెబ్బకు పడిపోయిన ఆటగాణ్ణి ముందు ఐసు నీళ్ళ తొట్టిలో చల్లబరచండి, ఆసుపత్రికి తర్వాత తీసుకెళ్ళండి. ఈ మాట మన పలనాడులో, రామగుండంలో కూడా తెలియాల్సిన మాట పిన్నిగారూ. లీగు వాళ్ళూ మారారు. 2011 ఒప్పందంతో, కవచాలు తొడిగి రోజుకు రెండు పూటలా కొట్టుకునే ప్రాక్టీసులు ఆగిపోయాయి. క్యాంపు మొదట్లో కొన్ని రోజులు కవచాలు లేకుండానే ఒళ్ళు అలవాటు చేస్తారు.

ఇక్కడ అసలు కథ వినండి. క్యాంపుకు జట్టుకు 90 మంది వస్తారు. ఆగస్టు నెలాఖరుకు 53 మందే మిగలాలి. అంటే 32 జట్లలోనూ కలిపి 1,184 మంది ఇంటికి. ఒకే రోజు గడువు. జట్టుకు పదహారు మంది దాకా ప్రాక్టీసు స్క్వాడ్ అని మళ్ళీ తీసుకుంటారనుకోండి, అయినా మిగిలిన వాళ్ళ సంగతి? 2025 లెక్కన 53లో నిలిచిన కొత్త కుర్రాడికి ఏడాదికి తక్కువలో తక్కువ 8,40,000 డాలర్లు. నిలవకపోతే ఆ జీతం లేదు. కోచ్ పిలుస్తున్నాడు, నీ ప్లేబుక్ తీసుకురా అని కబురొస్తే చాలు, వాడి క్యాంపు అయిపోయినట్టే. చిన్నప్పటి నుంచి ఆ ఒక్క పని మీదే బతికిన పిల్లలు వీళ్ళు.

ప్రీసీజన్ ఆటలు మూడూ వీళ్ళను పరీక్షించడానికి పెట్టినవి. ఒకప్పుడు నాలుగుండేవి, 2021 నుంచి తగ్గించారు. పేరున్న వాళ్ళను కోచ్‌లు బెంచీ మీదే కూర్చోబెడతారు, దెబ్బ తగిలితే ఏడాదంతా పోతుందని. 1999లో సెయింట్ లూయిస్ ర్యామ్స్ క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ గ్రీన్‌కు ఇలాంటి ఆటలోనే మోకాలు పోయింది. బదులుగా దిగినవాడు కర్ట్ వార్నర్. ఎవరనుకున్నారు? 1994లో గ్రీన్‌బే క్యాంపులో తీసేస్తే, అయోవాలో కిరాణా కొట్టులో రాత్రిళ్ళు అరల్లో సరుకులు సర్దినవాడు. ఆ 1999 సీజన్‌లోనే జట్టుకు సూపర్‌బౌల్ తెచ్చిపెట్టాడు! నాకు ఆ కథ గుర్తొచ్చినప్పుడల్లా ఒళ్ళు జలదరిస్తుంది. ఎవరైనా ఆగస్టు ఆటలు దండగ అంటే నాకు కోపం వచ్చేదీ అందుకే.

కానీ ఆ ఆటల స్కోరు మీద డబ్బు పెట్టడం మాత్రం, ఉప్పు చూడ్డానికి గరిటెలో తీసిన పులుసుతో మొత్తం విందుకు వెల కట్టడమే పిన్నిగారూ. గెలవాలన్న పట్టు చాలామంది కోచ్‌లకే ఉండదు. 2008లో డెట్రాయిట్ లయన్స్ ప్రీసీజన్‌లో నాలుగుకు నాలుగూ గెలిచారు. సెప్టెంబరు వచ్చాక పదహారుకు పదహారూ ఓడిపోయారు! 2017లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌దీ అదే గతి, అక్షరం తేడా లేదు. 2005లో ఇండియానాపొలిస్ కోల్ట్స్ ఆగస్టులో ఐదూ ఓడి, అసలు సీజన్‌లో పదహారింట పద్నాలుగు గెలిచారు.

అబ్బాయి మీతో ఏమన్నాడూ, "రేవెన్స్ మీద కాసినవాళ్ళు బాగా సంపాదించారు పెద్దమ్మా" అన్నాడా? ఆ మాట అబద్ధం కాదు. బాల్టిమోర్ రేవెన్స్ 2016 నుంచి 2023 దాకా వరసగా 24 ప్రీసీజన్ ఆటలు గెలిచారు. 2023 ఆగస్టులో వాషింగ్టన్ వాళ్ళు 29-28తో ఆపారు. అప్పటి వాళ్ళ కోచ్ జాన్ హార్బా, బెంచీ మీది కుర్రాళ్ళు కూడా గెలవడానికే ఆడాలనే రకం. అలాంటివి పసిగట్టే వాళ్ళుంటారు. ఏ కోచ్ ఎవరిని ఎంతసేపు ఆడిస్తానన్నాడు, మూడో క్వార్టర్‌బ్యాక్ ఎవరు అని పొద్దస్తమానం అదే పనిలో ఉంటారు. అది పందెం కంపెనీలకూ తెలుసు. అందుకే ప్రీసీజన్‌లో పెద్ద మొత్తాలు తీసుకోరు. తెలిసినవాడి దగ్గర కొంచెం, తెలియని వేలమంది దగ్గర కొంచెం కొంచెం. మన అబ్బాయి ఆ రెండో వరసలో ఉన్నాడు.

లెక్క మీరే చూడండి, మీరు లెక్కల టీచరు కదా. మామూలుగా 100 గెలవాలంటే 110 పెట్టాలి. పది పందేల్లో ఐదు గెలిచాడనుకోండి, 500 వస్తాయి. ఓడిన ఐదింటికి 550 పోతాయి. సగం సరిగ్గా చెప్పినవాడికి యాభై డాలర్ల నష్టం! వందకు 52 గెలిచినా చేతి డబ్బే పోతుంది, 53 గెలిస్తేనే పైసా మిగిలేది. రోజంతా అదే పని చేసేవాళ్ళకే అది గగనం. ఆఫీసు పని ముగించుకుని రాత్రి సోఫాలో పడుకుని ఫోను నొక్కేవాడికి ఎక్కడ సాధ్యం?

మీరు మాత్రం తిట్టకండి. తిడితే ఈసారి మీకు చెప్పడు, అంతే. ఎంత పోయిందని కూడా మొదట అడక్కండి. ఎప్పటి నుంచి అని అడగండి, పోయింది రాబట్టుకోవాలని మళ్ళీ పెడుతున్నాడా అని అడగండి. అవునంటే అక్కడ 1-800-గ్యాంబ్లర్ అని ఒక ఫోన్ లైను ఉంది, డబ్బు తీసుకోరు, పేరు బయట పెట్టరు. యాప్‌లోనే తన ఖాతా తానే మూయించుకునే దారి కూడా ఉంటుంది, వాడే చేయాలి అది. ఇక్కడ కొత్తగా వచ్చిన పిల్లలకు సాయంత్రాలు పలకరించే మనిషి ఉండరు పిన్నిగారూ. పందెం సంగతి పక్కన పెట్టి, రోజూ ఓ పది నిమిషాలు ఫోన్ చేయండి.

ఆట మీద ఇష్టం ఉంటే ఉండనివ్వండి, మంచి ఆట అది. వచ్చే వారం కౌబాయ్స్ ప్రీసీజన్ ఆట ఉంది, మీరు మా ఇంటికొచ్చేయండి. అబ్బాయినీ వీడియో కాల్‌లో పెడదాం. స్కోరు చూడొద్దు. నాలుగో క్వార్టర్‌లో, సగం స్టేడియం ఖాళీ అయ్యాక, బంతి తన్నినప్పుడు అందరికంటే ముందు అవతలి కొసకు పరుగెత్తేవాడు ఒకడుంటాడు. ఆ పరుగుతోనే యాభై మూడో చోటు దొరుకుతుందేమోనని వాడి ఆశ. వాడి నంబరు రాసి పెట్టుకుందాం. నెలాఖరుకు జాబితా రాగానే అందులో ఉన్నాడో లేడో అబ్బాయినే చూసి చెప్పమందాం.