వెంటవచ్చినది

మోతి యను కుక్క ధర్పల్లిలోని మాయింట పదకొండేండ్లుండెను. బడికి గాని, సెలవుదినములలో రామడుగు జలాశయపు గట్టునకు గాని మేము నడచునప్పుడెల్ల అది పది యడుగులు ముందు నడచుచు, మలుపు మలుపునను నిలిచి వెనుదిరిగి చూచెడిది. త్రోవలో బండ్లెదురైనచో ఎడ్లు బెదరకుండ ప్రక్కకు తొలగి కూర్చుండెడిది. ఒరుల గడప త్రొక్కుట గాని, పెట్టనిది ముట్టుట గాని యెన్నడు నెఱుగదు. మేము పాఠము చెప్పుచుండగా గంట కొట్టువఱకు వేపచెట్టు క్రింద పరుండెడిది.

ఆ బడిలో నేటేట మేము భారతమునందలి మహాప్రస్థానిక పర్వకథ చెప్పెడివారము. ఇంద్రుడు రథము దెచ్చి, కుక్కను విడిచి రమ్మనగా, నమ్మి వెంటవచ్చినదానిని విడిచి స్వర్గమైన నొల్లనని ధర్మరాజు నిలిచెను. ఆ ఘట్టమున మా గొంతు గద్గదమయ్యెడిది.

ఒకనాడు నిజామాబాదునకు బస్సెక్కబోయితిమి. కుక్కను ఎక్కనీయనని కండక్టరనెను. మేము మాఱుమాటాడక యెక్కి కూర్చుంటిమి. మోతి కొంతదూరము బస్సు వెంట పరుగెత్తెను. నలుగురు నవ్వుదురని మేము కిటికీనుండి మొగము త్రిప్పుకొంటిమి. ఆ పయనము స్వర్గమునకు గాదు, ఒక పెండ్లివిందునకు.

రాత్రి కడపటి బస్సు దిగునప్పటికి అది యచ్చటనే యున్నది. నిష్ఠుర మేమియు లేదు. తోక యాడించి, ఎప్పటివలెనే పది యడుగులు ముందు నడచెను.

మోతి పోయి రెండేండ్లయినది. పాఠము నేటికిని చెప్పుచున్నాము. దాని వెంట బస్సు సంగతియు చెప్పుచున్నాము. మొన్న నొక బాలిక లేచి, “మరి మీరెందుకు దిగలేదు సార్?” అని యడిగెను. సిగ్గుపడి దిగలేదని చెప్పితిమి. ఆ దినమున పాఠము పిల్లలకంటె మాకే బాగుగ తెలిసినది.