విద్యాసాగర్ స్టేషను

హౌరా నుంచి ఢిల్లీ పోయే పెద్దలైనులో ఆసన్సోలు దాటిన తరువాత నేల రంగు మారుతుంది. బొగ్గు నలుపు వెనకబడి ఎర్రమట్టి మొదలవుతుంది. రైలింజన్లు తయారయ్యే చిత్తరంజన్, ఆ తరువాత జాంతాడా, ఇంకా ఒకటి రెండు చిన్న స్టేషన్లు గడిచాక పసుపుపచ్చ బోర్డు మీద ‘విద్యాసాగర్’ అన్న పేరు కనిపిస్తుంది. వైద్యనాథుణ్ణి సేవించుకోవడానికి జసీడీ దాకా వెళ్ళే మన తెలుగు యాత్రికులు చాలామంది ఈ స్టేషనును నిద్రలోనే దాటిపోతారు. మెలకువగా ఉన్నా, ఇక్కడ దిగవలసిన పని ఎవరికుంటుంది?

నాకుంది. రాజమహేంద్రవరంలో తెలుగు పాఠాలు చెప్పుకుని బతికేవాణ్ణి. వీరేశలింగం పంతులుగారికి దక్షిణదేశ విద్యాసాగరుడని పేరు వచ్చిందని ఏటా పిల్లలకు చెబుతాను. ఏటా పరీక్షలో వాళ్ళు ఆ మాటే తిరిగి నాకు అప్పజెబుతారు. ఉపమేయం ఊళ్ళో పుట్టి, ఉపమానాన్ని ఒక్కసారైనా చూడకపోతే అలంకారశాస్త్రం ఒప్పుకోదు. మా ఆవిడకు వైద్యనాథుడి మొక్కు ఉండనే ఉంది. కిందటి దసరా సెలవుల్లో ఆమె మొక్కూ, నా ముచ్చటా ఒక్క టిక్కెట్టు మీద తీర్చుకోవచ్చునని బయలుదేరాం.

అయితే ఈ స్టేషను ఉన్నది జాంతాడా జిల్లాలో. 2001లో దుమ్కా నుంచి విడదీసిన చిన్న జిల్లా. టెలిఫోను మోసాలవల్ల దేశమంతటా మారుమోగిన పేరు. 2020లో ఆ పేరుతోనే నెట్‌ఫ్లిక్స్‌లో ఒక సీరియలు కూడా వచ్చింది. మేము అటు వెళుతున్నామని విని మా పక్కింటి పంతులమ్మగారు, “ఫోను ఇంట్లో పెట్టి వెళ్ళు నాయనా” అన్నారు. ఆవిడ మాటలో హాస్యం లేదు. ఎందుకు లేదో తరువాత చెబుతాను.

హౌరా బండిలో మా స్లీపరు పెట్టెలోకి ఆమదాలవలసలో ఒక పెద్దమనిషి ఎక్కాడు. ఖరగ్‌పూర్ తెలుగువాడు, తాతలనాడే రైల్వే పనికి వెళ్ళి అక్కడే స్థిరపడిన కుటుంబం. ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడట. ఆయన తెలుగులో సగం శ్రీకాకుళం, పావు హిందీ, పావు బెంగాలీ. కూర్చున్న ఐదు నిమిషాలకు, కిటికీ ఊచలకు ఫోను ఆనించుకుని సినిమా చూస్తున్న కుర్రవాణ్ణి తట్టి, “తమ్ముడూ, బండి కదలబోతోంది. ఫోను లోపలికి తీసుకో” అన్నాడు. కుర్రవాడు విసుక్కుంటూనే తీసుకున్నాడు.

“మాస్టారూ, నిలబడ్డ బండిలో లాక్కోరు. అప్పుడే కదిలిన బండిలో లాక్కుంటారు. మనం దిగలేం, వాడు పరిగెత్తగలడు. అదీ లెక్క” అని నాకు వివరించాడు. తలాపున చార్జింగుకు పెట్టి నిద్రపోయేవాళ్ళ సంగతి మరీ ఘోరమట. “ఫోను పోతే పదిహేను వేలు పోయాయనుకుంటారు. ఇది పర్సు కాదండీ, ఇనప్పెట్టె. తాళంచెవి కూడా దానికే వేలాడగట్టి దొంగచేతిలో పెడుతున్నాం.”

ఆ తాళంచెవి సిమ్ముకార్డు. ఫోను తెరవడం చేతకాని దొంగ కూడా సిమ్ము ఊడదీసి తన ఫోనులో వేసుకుంటే మనకు రావలసిన ఓటీపీలు వాడికి వస్తాయి. అందుకని సిమ్ముకు వేరే పిన్ను పెట్టుకునే వీలుంది. చాలామందికి ఆ సంగతే తెలియదు. ఫోను మూసి ఉన్నప్పుడు కూడా తెర మీద మెసేజీలు చదవడానికి వీలుగా ఉంటే అదీ ప్రమాదమే; కనపడకుండా చేసుకోవచ్చు. *#06# నొక్కితే ఫోను తాలూకు పదిహేనంకెల నెంబరు వస్తుంది. దానిని ఇంట్లో పద్దు పుస్తకంలో వ్రాసి ఉంచుకుంటే, ఫోను పోయిననాడు పోలీసు ఫిర్యాదుతో పాటు కేంద్ర ప్రభుత్వం వారి ‘సంచార్ సాథీ’లో ఆ నెంబరు ఇచ్చి ఫోను పనిచేయకుండా కట్టివేయించవచ్చు. పెద్దాయన చెబుతూ ఉంటే మా ఆవిడ నా డైరీ లాక్కుని అప్పటికప్పుడు రెండు ఫోన్ల నెంబర్లూ వ్రాసేసింది.

“అంతకంటే ముందు వెనక నిలబడేవాణ్ణి చూసుకోవాలమ్మా. టీ కొట్టు దగ్గర మీరు పిన్ను నొక్కుతుంటే చూస్తాడు. ఫోను కొట్టేసేది ఆ తరువాత” అన్నాడు. బియ్యపు డబ్బాలో డబ్బు దాచేటప్పుడు కన్నబిడ్డలనైనా వంటింట్లోంచి పంపేసే మన ఆడవాళ్ళు, నలుగురిలో నిలబడి పిన్ను నొక్కేటప్పుడు మాత్రం చెయ్యి అడ్డం పెట్టుకోరు. మగవాళ్ళం అంతకంటే ఏమీ మెరుగు కాదు.

ఖరగ్‌పూర్‌లో దిగుతూ ఆయన ఒక మాట అన్నాడు. “చేతిలోది లాక్కుపోయేవాడు నయం మాస్టారూ. పోయిందని వెంటనే తెలుస్తుంది. మన చేత్తోనే మనం ఇచ్చేట్టు చేసేవాడున్నాడే, వాడితోనే చిక్కు.”

నాకు మా పంతులమ్మగారు గుర్తుకు వచ్చారు. ముప్పైరెండేళ్ళు పిల్లలకు చదువు చెప్పి రిటైరయిన మనిషి. భర్త పోయారు. వచ్చిన డబ్బు మనవరాలి చదువుకని బ్యాంకులో వేసుకున్నారు. ఒకనాటి ఉదయం ఫోను వచ్చింది: మీ పేర పోయిన పార్శిలులో మత్తుమందు దొరికింది అని. క్షణంలో వీడియోలో పోలీసు దుస్తుల మనిషి, వెనుక జెండా, బల్ల మీద ఫైళ్ళు. “మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు. ఫోను కట్ చేస్తే ఇంటికి జీపు వస్తుంది. ఎవరితోనైనా చెబితే వాళ్ళూ ముద్దాయిలే.” ఒకటిన్నర రోజులు ఆవిడ అన్నం తిన్నా, కునుకు తీసినా ఆ ఫోను ముందే. చివరకు ‘తనిఖీ అయ్యాక తిరిగి ఇస్తాం’ అన్న మాట నమ్మి తానే ఆటో ఎక్కి బ్యాంకుకు వెళ్ళారు. ఇంత మొత్తం ఎందుకమ్మా అని అక్కడి గుమాస్తా అడిగితే, వాళ్ళు నేర్పినట్టే “స్థలం కొంటున్నాను” అన్నారు.

జన్మంతా అబద్ధమాడవద్దని పిల్లలకు చెప్పిన మనిషిచేత అబద్ధమాడించాడు ఆ దుర్మార్గుడు. పోయిన డబ్బుకంటే ఆ సంగతే ఆవిడను కుంగదీసింది. ఆ సిగ్గుతో నాలుగు రోజులు ఎవరికీ చెప్పలేదు. ఆ నాలుగు రోజులే కొంప ముంచాయి. ఎందుకంటే ఇలా పోయిన సొమ్ము ఒకచోట నిలవదు. అద్దెకు తీసుకున్న ఖాతాల్లో ముక్కలు ముక్కలుగా మారుతూ పోతుంది. పోయిన వెంటనే 1930కి ఫోను చేసి చెబితే, ఏదో ఒక ఖాతాలో దానిని ఆపగలిగే అవకాశం ఉంటుంది. గంటలు గడిచినకొద్దీ ఆ అవకాశం తరిగిపోతుంది.

మన చట్టంలో డిజిటల్ అరెస్టు అనేది లేనే లేదు. 2024 అక్టోబరు 27న ప్రధానమంత్రి రేడియో ప్రసంగంలోనే ఆ మాట చెప్పారు. ఏ పోలీసూ వీడియోలో అరెస్టు చేయడు; ఏ న్యాయస్థానమూ ఫోనులో డబ్బు కట్టమనదు. కాని భయపడిన మనిషికి చట్టం గుర్తుకు రాదు. అందుకే వాడు ముందు భయపెడతాడు.

ఇవన్నీ తలపోస్తూ విద్యాసాగర్ స్టేషనులో దిగాను. దిగేముందు నా మనసులో భక్తి ఎంత ఉందో కోపమూ అంతే ఉంది.

ఊరి పాత పేరు కర్మాటాడ్. 1978లో స్టేషనుకు విద్యాసాగరుడి పేరు పెట్టారు. గట్టుల వెంట రెల్లు తెల్లగా పూసి ఉంది. స్టేషనుకు దగ్గరలోనే ఆయన ఇల్లు. దాని పేరు నందన్ కానన్. కలకత్తాలోని మనుషులతో విసిగిపోయి, ఆయన 1870ల తొలినాళ్ళలో ఇక్కడికి వచ్చాడు. ఇంచుమించు పద్ధెనిమిదేళ్ళపాటు ఇది ఆయన నెలవు. సంతాలు పిల్లలకు బడి పెట్టాడు, పెద్దవాళ్ళకు అక్షరాలు చెప్పాడు, హోమియో మందులు ఉచితంగా ఇచ్చాడు. ఆయన ఎక్కిన పల్లకి ఇప్పటికీ అక్కడ ఉంది. ఆయన పోయాక ఇల్లు కలకత్తాలో ఒక కుటుంబం చేతికి పోయింది. అది కూలిపోకముందే 1974లో బీహారు బెంగాలీ సంఘంవారు ఇంటింటా రూపాయి చొప్పున పోగుచేసి కొన్నారు.

పండితుడు హరప్రసాద శాస్త్రి యువకుడుగా ఉన్నప్పుడు ఈ ఇంటికి అతిథిగా వచ్చి, చూచినది తరువాత వ్రాశాడు. పొద్దున్నే సంతాలులు మొక్కజొన్న పొత్తులు తెచ్చేవారట. ఇన్ని డబ్బులు కావాలంటే అన్నీ ఇచ్చి, బేరమాడకుండా విద్యాసాగరుడు కొనేవాడు. ఇల్లంతా పొత్తులే. తరువాత ఆకలితో మరికొందరు సంతాలులు వస్తే ఆ పొత్తులే వారికి పెట్టేవాడు. చెప్పిన మాట నమ్మి డబ్బిచ్చిన మనిషి తిరిగిన నేల ఇది. చెప్పిన మాట నమ్మి డబ్బిచ్చినవాళ్ళను దోచుకున్న పేరు కూడా ఈ నేలకే వచ్చింది!

స్టేషను బయట టీ తాగుతూ కొట్టువాడి కొడుకుతో మాటలు కలిపాం. మా ఆవిడ చిన్నప్పుడు హిందీ ప్రచార సభ పరీక్షలు ప్యాసయింది. ఆ హిందీ ఇన్నాళ్ళకు అక్కరకు వచ్చింది. అతను బి.ఏ. చదివాడు. ఉద్యోగానికి ఎక్కడికి వెళ్ళినా జిల్లా పేరు చూచి నవ్వుతారట. ఒకచోట ‘మా ఫోన్లు జాగ్రత్త’ అన్నారట కూడా.

“వాళ్ళు పెద్ద విద్య ఏమీ నేర్వలేదండీ” అన్నాడు. “నెంబర్లు వరసగా నొక్కుతూ పోతారు. నీ కార్డు ఆగిపోయింది, నీ కరెంటు ఆగిపోతుంది అంటారు. వందమందిలో తొంభైతొమ్మిది మంది తిడతారు. నూరోవాడు కంగారుపడి, ‘ఏం చెయ్యమంటారు?’ అని అడుగుతాడు. వాళ్ళకు ఆ ఒక్కడు చాలు.”

నా కోపం కొంత దిగజారింది. కొందరు చేసినదానికి ఈ కుర్రవాడు చెల్లిస్తున్నాడు. పైగా ఈ పాపం ఇప్పుడు ఒక్క జిల్లా సొత్తు కాదు. 2024లో మన విశాఖపట్నం యువకులను కంప్యూటరు ఉద్యోగాలని ఆశపెట్టి కాంబోడియాకు చేర్చి, అక్కడ బంధించి వాళ్ళచేత ఈ మోసాలే చేయించిన సంగతి బయటపడింది. పంతులమ్మగారిని బెదిరించిన గొంతు ఏ ఊరిదో మనకేం తెలుసు? అది మన వీధి కుర్రవాడిదే అయినా కావచ్చు.

ఊరి పేరు వినగానే జాగ్రత్తపడడం వలన ప్రయోజనం లేదు. జాగ్రత్తపడవలసింది మన కంగారు దగ్గర. ఈ దొంగ తాళం పగలగొట్టడు, మనచేతనే తీయిస్తాడు. ‘డబ్బు వస్తుంది, పిన్ను నొక్కండి’ అంటాడు; డబ్బు రావడానికి పిన్ను ఏనాడూ అక్కర లేదు. పెళ్ళి శుభలేఖ అని వాట్సాపులో ఒక ఫైలు వస్తుంది. పేరు చివర ఏపీకే అని ఉంటే అది శుభలేఖ కాదు, ఫోనులో చొరబడే ప్రోగ్రాము. గ్యాసు కంపెనీ నెంబరని ఇంటర్నెట్టులో వెతికితే దొంగ వేసిన నెంబరే ముందు దొరకవచ్చు. బిల్లు మీద అచ్చయిన నెంబరే చూసుకోవాలి. సాయం చేస్తామని, మన తెర వాళ్ళకు కనిపించే యాప్ వేసుకోమంటే, అది ఇంట్లోకి పిలిచి బీరువా ముందు కుర్చీ వెయ్యడమే.

విద్యాసాగరుడు 1855లో ‘వర్ణపరిచయం’ వ్రాసి బెంగాలు పిల్లలకు అక్షరాలు దిద్దించాడు. మన పంతులుగారు ఇక్కడ అదే పనికి పూనుకున్నారు. చదువురానివాణ్ణి వడ్డీవ్యాపారి కాగితం మీద వేలిముద్ర వేయించుకుని ముంచుతాడని ఆనాటి పెద్దల బాధ. ఈనాడు చదువు వచ్చినవాళ్ళం చదవకుండానే వేలు నొక్కేస్తున్నాం. తెర మీద ఏమున్నదో నిదానంగా చదవడం, తరువాత ఇంట్లో ఒకరితో చెప్పడం, ఆ తరువాతనే వేలు కదపడం: ఈ మూడింటికీ కలిపి రెండు నిమిషాలు పట్టదు. ఆ రెండు నిమిషాలూ మనకు చిక్కనివ్వకూడదనే వాడి ప్రయత్నమంతా. ఒకవేళ పోతే, సిగ్గు మోసపోయినవాడిది కాదు. ఆ మాట ఇంటిల్లిపాదికీ ముందే చెప్పి ఉంచాలి.

టీ డబ్బులిద్దామని మా ఆవిడ కొట్టులోని క్యూఆర్ బొమ్మకు ఫోను చూపించింది. పిన్ను నొక్కబోతుంటే కుర్రవాడు చెయ్యెత్తి ఆపాడు.

“ఆగండమ్మా. పైన ఏ పేరు వచ్చిందో చదివారా? ఒక్కోసారి మా బొమ్మ మీద ఎవరో తమ బొమ్మ అంటించి పోతారు.”

మా ఆవిడ పేరు పైకి చదివింది. అది వాళ్ళ నాన్న పేరేనని అతను తల ఊపాడు. అప్పుడు ఆమె కొంగు అడ్డం పెట్టుకుని పిన్ను నొక్కింది. టీలు రెండూ కలిపి ఇరవై రూపాయలు.