వేసవిలో కల్లు: చలవ ఎంత, చేటు ఎంత?

ఎండలు ముదిరేసరికి మా ఆసుపత్రిలో తరచు ఎదురయ్యే ప్రశ్న ఇది: "డాక్టరుగారూ, కల్లు చలవ చేస్తుందంటారు, తాగొచ్చా?" ప్రభుత్వ వైద్యుడిగా పాతికేళ్ళకు పైగా తెలంగాణ పల్లెల్లో పనిచేశాను. "వద్దు" అని ఒక్క ముక్కలో చెప్పి పంపితే, మందుల చీటీ జేబులో పెట్టుకొని తిన్నగా తాటివనానికే వెళతారు. అందుకే కాస్త విడమరచి చెప్పడం అలవాటు చేసుకున్నాను.

ముందు రుచి సంగతి. ఈతకల్లు చలికాలపుది, తాటికల్లు వేసవిది. సున్నం పూసిన కుండలో పట్టి, పొద్దెక్కకముందే దించిన నీరా కొబ్బరినీళ్ళకంటె తియ్యగా ఉంటుంది. సున్నం పులియనివ్వదు గనుక దానిలో మత్తు ఉండదు. సున్నం లేని కుండలో ఈస్టు అనే సూక్ష్మజీవి చేరి, చక్కెరను ఆల్కహాలుగానూ బొగ్గుపులుసు వాయువుగానూ మారుస్తుంది. కల్లు మీది నురుగు ఆ వాయువు వల్ల వచ్చినదే. పొద్దుటి కల్లు తీపి పులుపులు కలిసి నాలుకమీద చురుక్కుమంటుంది. మధ్యాహ్నానికి తీపి తగ్గి ఘాటెక్కుతుంది. మర్నాటికి పుల్లగా మారి ముక్కు మూసుకోవలసి వస్తుంది. తాటాకు దొప్పలో పొద్దుటి కల్లు నేనూ రుచి చూశాను. బాగుంటుంది. అయితే నాలుకకు బాగుండడం వేరు, ఒంటికి మేలు చేయడం వేరు.

చలవ అన్నది చాలావరకు భ్రమ. బాగా పులిసిన కల్లులో ఆల్కహాలు సుమారు నూటికి 4, 5 పాళ్ళుంటుంది. అంటే 650 మిల్లీలీటర్ల సీసాలో 20 నుంచి 25 గ్రాములు. అది చర్మంలోని రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. దానితో హాయిగా ఉన్నట్టు తోస్తుంది. కాని మూత్రాన్ని అదుపులో ఉంచే హార్మోనును కూడా అది అణచివేస్తుంది. అసలే చెమటతో నీరు పోయిన శరీరం మరింత ఎండుతుంది. ఎండలో పనిచేసి వచ్చి, నీళ్ళు తాగకుండా కల్లు పట్టించి, చెట్టుకింద పడి నిద్రపోయేవారికి వడదెబ్బ తగలడం సులువు. దాహానికి నీళ్ళు, ఉప్పు వేసిన మజ్జిగ, అంబలి ఉండనే ఉన్నాయి. కల్లుతో మూత్రపిండాల్లో రాళ్ళు కరుగుతాయన్న మాటకు ఆధారం లేదు.

ఇక తిండి. పరగడుపున తాగితే ఆల్కహాలు త్వరగా రక్తంలో కలుస్తుంది. ముందుగా జొన్నరొట్టె, పప్పు తిన్నవారికి అంత త్వరగా తలకెక్కదు. తియ్యటి పొద్దుటి కల్లుకు శనగ గుడాలు, ఉడికించిన గుడ్డు చక్కగా నప్పుతాయి. ఉప్పుకారాలు దట్టించిన వేపుళ్ళు దాహం పెంచి, మరో సీసా తెప్పిస్తాయి. కడుపులో పుండున్నవారికి మంట రేపుతాయి.

మధుమేహం ఉన్నవారికి ఒక మాట. నీరాలో మత్తు లేదు గాని చక్కెర ఉంది. ఒక గ్లాసులో నాలుగైదు చెంచాలకు తక్కువ కాదు. ఇన్సులిన్ గాని కొన్ని రకాల షుగరు మాత్రలు గాని వాడుతూ, తిండి మానేసి కల్లు తాగితే చక్కెర హఠాత్తుగా పడిపోవచ్చు. నిద్రమాత్రలు, మూర్ఛ మందులు వాడేవారు, గర్భిణులు, కాలేయ రోగులు కల్లు ముట్టరాదు. అసలు ఆల్కహాలు విషయంలో హాని లేని మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో స్పష్టం చేసింది.

అన్నిటికంటె పెద్ద ప్రమాదం కల్తీ. చెట్లు తక్కువ, గిరాకీ ఎక్కువ. అందుకని కొన్నిచోట్ల నీళ్ళలో క్లోరల్ హైడ్రేటు, డైజిపామ్, ఆల్ప్రజోలమ్ వంటి మత్తుమందులు కలిపి కల్లని అమ్ముతారు. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీకల్లు పలువురి ప్రాణాలు తీసింది. రంగు, రుచి చూసి కల్తీని పట్టలేము. ఒక సీసాకే ఒళ్ళు తెలియకుండా పడిపోతే మాత్రం అనుమానించాలి.

ఇందులో ఇంకో చిక్కుంది. ఒకసారి నలభై యేళ్ళ కూలీ స్త్రీని ఎడ్లబండి మీద తెచ్చారు. చేతులు వణుకుతున్నాయి, లేనివాళ్ళతో మాట్లాడుతున్నది. గాలి సోకిందని అప్పటికే తాయెత్తు కట్టించారు. "రోజూ కల్లు తాగేదా?" అని అడిగాను. ఊళ్ళో దుకాణం మూతపడి మూడు రోజులైందన్నారు. దయ్యమూ లేదు, గాలీ లేదు. కల్తీమందుకు అలవాటుపడిన మెదడు, అది అందక చేసిన గోల. మందులిచ్చి, వాటిని మెల్లగా తగ్గిస్తూ పోతే వారంలో తేరుకుంది. 2015లో నిజామాబాద్, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కల్తీకల్లు ఆగిపోయినప్పుడు ఇటువంటివారు ఆసుపత్రులకు బారులు తీరారు.

కనుక ఏళ్ళ తరబడి దుకాణం కల్లు తాగుతున్నవారు ఒక్కసారిగా, ఇంట్లోనే మానే ప్రయత్నం చేయవద్దు. ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చి ఉన్నదున్నట్టు చెప్పండి. సిగ్గుపడనక్కర లేదు. 14416కు ఫోనుచేస్తే టెలి మానస్ వారు ఉచితంగా సలహా చెబుతారు. ఫిట్సు వచ్చినా, శ్వాస నెమ్మదించినా, లేపితే లేవకపోయినా వెంటనే 108ని పిలవండి. ఈలోగా రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో ఏమీ పోయవద్దు.

అలవాటు లేనివారు చలవ కోసమని కొత్తగా మొదలుపెట్టవద్దు. వేసవిలో తాటిచెట్టు ఇచ్చేవాటిలో నిశ్చింతగా తినదగినవి ముంజలున్నాయి. పిల్లలకూ పెట్టవచ్చు.