తాక్, గూడు

మా ఇంటి గోడలో చిరాగు పెట్టుకునేది తాక్. పక్కింటివాళ్లు దీపం పెట్టుకునేది గూడు. కట్టిన మేస్త్రీ ఒక్కడే, వంపు ఒక్కటే. అయినా పట్నంలో అద్దె ఇంటికి వెళితే మా పేర్లు విని ‘సాయిబులకు ఇల్లివ్వం’ అన్నారు. ఆ ఇంటి వాకిలికి కమాను ఉంది! అదెవరిదని మేం అడగలేదు.

గోల్కొండ దగ్గర కుతుబ్‌షాహీ సమాధులు చూడండి. గుమ్మటం తామర రేకుల్లోంచే లేస్తుంది. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ సంగతి మరీ విచిత్రం. అది కట్టేముందు నిజాం సర్కారు సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్‌లను దేశదేశాల కట్టడాలు చూసి రమ్మని పంపింది. నక్షా గీసిన ఎర్నెస్ట్ జాస్పర్ బెల్జియం వాడు, అంతకుముందు కైరో పక్కన హీలియోపోలిస్‌లో పనిచేసినవాడు. 1939లో ప్రారంభమైన ఆ కట్టడంలో స్తంభాలకు అజంతా ఎల్లోరా పోలిక, ముఖద్వారానికి మసీదు కమాను పోలిక. ఏదీ అతికించినట్టుండదు.

ఇప్పుడు మేం సొంతిల్లు కట్టుకుంటున్నాం. సిమెంటు అలమారాలు చాలన్నాడు మేస్త్రీ. తాక్ ఉండాల్సిందేనంది అమ్మీ.

‘గూడే కదమ్మా!’ అంటూ ఇటుకలు వంపుగా పేర్చడం మొదలుపెట్టాడు.