ఉంగరాల జుట్టు

జుట్టు అందరికి ఒకే తీరున నుండదు. కొందరిది నిటారుగ నుండును. కొందరిది అలలు తీరును. మరికొందరిది చుట్టలు చుట్టుకొనును. మా యక్కచెల్లెండ్ర ఇద్దరిదియు ఈ మూడవ రకము. నాందేడులోని మరాఠీ చెలికత్తెలు దీనిని ‘కురళే కేస్’ అందురు. మా నాయనమ్మ ఉంగరాల జుట్టు అనును.

ఇట్టి జుట్టు దువ్వెనకు లొంగదని పలువురి ఫిర్యాదు. అందుచే పెండ్లిండ్లకును, ఫొటోలకును దానిని విద్యుత్ ఇస్త్రీతో సాగదీయుట నేడు వాడుక యైనది. మా జుట్టునకును మూడేండ్లు ఆ పని జరిగెను. మొదట తలంటుకొనగనే ఉంగరములు మరల వచ్చుచుండెను. క్రమముగ అవి వచ్చుట మానెను. కొనలు చీలి పీచుకట్టెను. పిడికెడు జడ వ్రేలెడాయెను. అద్దము చూచుకొనుటకే మనసొప్పలేదు.

ఇందలి కారణము తెలిసికొనదగినది. వెండ్రుక కెరాటిన్ అను మాంసకృత్తుతో ఏర్పడినది. అందలి బలహీనమైన బంధములు తడికి విడిపోయి, ఆరునపుడు మరల కట్టుకొనును. కనుకనే సాగదీసిన జుట్టు వానగాలికి ముడుచుకొనును. కాని ఇస్త్రీ 150 మొదలు 230 డిగ్రీల వరకు వేడెక్కును. ఆ వేడి పలుమారు తగిలిన పైపొర పెచ్చులూడి, లోని కెరాటినే మారిపోవును. వెండ్రుకకు ప్రాణము లేదు, గాయమును మాన్చుకొనలేదు. ప్రాణమున్నది కుదురులో మాత్రమే. ఉంగరపు ఆకారమును నిర్ణయించునదియు ఆ కుదురే. అది నెలకు సుమారు ఒక సెంటీమీటరు క్రొత్త జుట్టు నిచ్చును.

కావున ఓపికయే మందని గ్రహించి, ఇస్త్రీని కట్టిపెట్టితిమి. వారమున కొకసారి కొబ్బరినూనె పట్టించి, శీకాయతో తలంటుకొంటిమి. తలంటుకు ముందు కొబ్బరినూనె రాచిన జుట్టు మాంసకృత్తును తక్కువగ కోల్పోవునని ముంబయి పరిశోధకులు 2003లో ప్రకటించిరి. వారు ఆ నూనె నమ్ము సంస్థవారే యైనను, మా అనుభవము వారి మాటకు తోడైనది. తడి జుట్టును తువాలుతో రుద్దక, పాత నూలుచీర ముక్కతో అద్దితిమి. పెద్దపళ్ళ దువ్వెనతో కొనలనుండి మొదలిడి పైకి చిక్కుదీసితిమి. కాలిన కొనలను రెండు మూడు నెలల కొకసారి కొంచెము కొంచెముగ కత్తిరింపించితిమి.

ఏడాదికి పైగ తలపై రెండు జుట్లు మోసితిమి. పైన ఉంగరములు, క్రింద పీచు. బడిలో నవ్వినవా రుండిరి. మరల ఇస్త్రీ చేయింపుమని బంధువులు పోరిరి. ఆ దినములలో సచ్‌ఖండ్ హుజూర్ సాహెబ్ గురుద్వారమునకు వచ్చు యాత్రికులను చూచితిమి. కేశములను కత్తిరింపక కాపాడుకొనుట సిక్కులకు ధర్మము. కొయ్యదువ్వెన వారి వెంట నుండును. మా మతము వేరైనను, పుట్టుకతో వచ్చిన జుట్టును వారు గౌరవించు తీరు మాకు ధైర్యమిచ్చినది.

నేడు మా జుట్టు భుజములవరకే యున్నది. అయినను మొదలునుండి కొనవరకు ఒక్కటే తీరు. తమ జుట్టు ఎట్టిదో మరచిన చెల్లెండ్రు చెవి వెనుక క్రొత్తగ మొలచిన పాయను తడిపి, దువ్వక ఆరనిచ్చి చూడవలెను. అప్పుడు అది తిరుగు తీరే దాని సహజరూపము.