బావగారి మూడుముక్కలాట

మా భోగాపురంలో 2023 మే 3న విమానాశ్రయానికి శంకుస్థాపన జరిగింది మొదలు, ప్రతి ఇంట్లోనూ విమానం తమ గుమ్మంలోకే వస్తున్నంత ధీమా! విమానం వస్తే చాలుటండీ? వీసా రావద్దూ!

మా అక్క కూతురికి అమెరికాలో పురుడు. దరఖాస్తు నింపేది అల్లుడు, అక్కణ్ణుంచే, ఫోనులో ఒక్కొక్క ప్రశ్నే అడుగుతూ. డీఎస్-160 అనే ఆ ఫారంలో ఒకటుంది: ఎప్పుడైనా అరెస్టయ్యారా, శిక్ష పడిందా? తర్వాత క్షమాభిక్ష దొరికినా సరే, చెప్పితీరాలిట.

అక్క గుండె గుభేలుమంది. ఏనాటిదో సంక్రాంతి పేకాట కేసు! బావగారు జరిమానా కట్టి బయటపడ్డారు. వియ్యాలవారి చెవిన పడకుండా ఇన్నేళ్లూ దాచుకొచ్చింది పాపం. రమ్మీ నేర్పుతో ఆడే ఆటేనని 1968లో మన రాష్ట్రం కేసులోనే సుప్రీంకోర్టు అంది గాని, ఈయనగారు ఆడింది మూడుముక్కలాట!

ఏజెంటొకడు "లేదని పెట్టేయండి, ఎవరు చూడొచ్చారు?" అన్నాట్ట. చిన్న జరిమానా కేసు ఉన్నంతమాత్రాన వీసా రాదని లేదు. అబద్ధం రాసి పట్టుబడితే మాత్రం ఆ దేశం గడప జన్మలో తొక్కనివ్వకపోవచ్చు. పుట్టబోయే మనవడో మనవరాలో, ఫోనులోనే చూసుకోవాలి.

"ఏటి చెప్తారో ఏటో" అంటూ అక్క వంటింట్లోకి తప్పుకుంది. బావగారు గొంతు సవరించుకుని, "ఉంది బాబూ" అని అంతా చెప్పేశారు. అటునుంచి కాసేపు చప్పుడు లేదు.

"ఎంత పోయింది మామయ్యగారూ?" అన్నాడు అల్లుడు.

ఇప్పుడాయన తీర్పు నకలు కోసం కోర్టు చుట్టూ తిరుగుతున్నారు. అక్క సున్నుండలకి మినుములు వేయించేస్తోంది.