డబ్బా కొలవకుండా చెప్పిన ధర

మా ఇల్లు విశాఖలో కంచరపాలెం మెట్టు దగ్గర. ముందు గదిలో ఒక బీరువా, ఒక కాటా, గోడవార అట్టపెట్టెలు. నా దుకాణం అంతే. 2023లో ఏటికొప్పాక లక్కబొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టాను. బొమ్మకు ధర కట్టడం త్వరగానే వచ్చింది. దాన్ని కొన్నవాళ్ల గుమ్మం దాకా చేర్చడానికి ఎంత తీసుకోవాలో తెలుసుకోవడానికి మాత్రం రెండేళ్లకు పైనే పట్టింది. ఈలోగా నేను చేసిన ఒక పని ఇప్పటికీ నన్ను బాధపెడుతోంది. కొత్తగా ఇలాంటి వ్యాపారం పెట్టేవాళ్లు ఆ పని చేయకూడదనే ఇది రాస్తున్నాను.

మొదట్లో దేశంలో ఎక్కడికైనా డెలివరీకి 80 రూపాయలని పెట్టాను. ఒకరోజు గాజువాక నుంచి ఒకావిడ ఫోన్ చేశారు. "ఏటమ్మా, కంచరపాలెం నుంచి గాజువాకకి 80 రూపాయలా? బస్సెక్కి నేనే వచ్చి పట్టుకెళ్తాను కదా" అన్నారు. అందరికీ ఒకటే రేటండీ అన్నాను. ఆవిడ కొనలేదు. అదే వారం గువాహటి పార్సిల్‌కి 80 తీసుకుని, కొరియర్‌కి 200 దాటి కట్టాను. సొంత ఊరి మనిషి దగ్గర ఎక్కువ పుచ్చుకుంటూ, దూరపు మనిషికి చేతి డబ్బు వేస్తూ, అందరినీ సమానంగా చూస్తున్నాననుకున్నాను.

రెండో తప్పు డబ్బాతో వచ్చింది. మా సందు చివరి కిరాణా కొట్టువాళ్లు ఖాళీ సబ్బుల పెట్టెలు ఊరికే ఇచ్చేవారు. డబ్బా ఖర్చు కలిసొచ్చిందని వాటిలోనే బొమ్మలు సర్ది, ఖాళీల్లో పాత పేపర్లు కుక్కి పంపేదాన్ని. ఒక బొమ్మల కొలువు సెట్టు కాటా మీద పెడితే కిలో ఎనిమిది వందల గ్రాములు తూగింది. కొరియర్ బిల్లు ఆరు కిలోలకు వచ్చింది. పొరపాటు పడ్డారనుకుని గట్టిగానే మాట్లాడాను. వాళ్లు ఓపికగా లెక్క చెప్పారు. డబ్బా పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో కొలిచి, మూడూ గుణించి, 5000తో భాగిస్తారు. వచ్చిన అంకె, అసలు బరువు, ఈ రెండింట్లో ఏది ఎక్కువైతే దానికే డబ్బు. బండిలో స్థలం పట్టుకున్నందుకు కట్టే బాడుగ అది.

ఆ రాత్రి బ్లౌజులు కొలిచే టేపు తీసి డబ్బా కొలిచాను. 40, 30, 25. గుణిస్తే ముప్ఫై వేలు, భాగిస్తే సరిగ్గా ఆరు. అంకుడు కర్ర తేలిక. ఆ కర్రతో చేసిన బొమ్మలు అమ్ముతూ కాటానే నమ్ముకున్నాను. అదే సెట్టును, బొమ్మ బొమ్మకీ గుడ్డ చుట్టి, 30, 20, 20 డబ్బాలో సర్దితే పట్టేసింది. లెక్క 2.4 కిలోలకు దిగింది. ఊరికే వచ్చిన పెట్టెకు అన్నాళ్లూ నేను కట్టింది గాలి బరువు.

ఇవి రెండూ నా జేబుకు పడిన చిల్లులు. మూడోది అలాంటిది కాదు.

2025 జనవరి 26న ఢిల్లీలో మన రాష్ట్ర శకటం మీద ఏటికొప్పాక బొమ్మలు ఊరేగాయి. నాకు ఆర్డర్లు పెరిగాయి. ఇదే అదనని "డెలివరీ ఉచితం" అని పెద్ద అక్షరాలతో పెట్టాను. నెల తిరిగేసరికి కొరియర్ బిల్లు, దానిమీద 18 శాతం జీఎస్టీ, సరుకు అందాక డబ్బు ఇస్తామని చెప్పి, తీసుకోకుండా తిప్పి పంపిన పార్సిళ్లకు రానూపోనూ చార్జీలు. చేతిలో ఏమీ మిగల్లేదు. ధర పెంచితే కొనరేమోనని భయం. అప్పుడు ఏటికొప్పాకలో నాకు బొమ్మలు చేసిచ్చే పెద్దాయనకు ఫోన్ చేసి, బొమ్మకు పది రూపాయలు తగ్గించమని అడిగాను. ఆయన కాసేపు మాట్లాడలేదు. "సరేనమ్మా, నువ్వే కదా అమ్ముతున్నావు" అన్నారు. బేరం కుదిరిందని సంతోషించాను.

ఆర్నెల్లకు హైదరాబాద్ నుంచి ఒక తల్లి బొంగరం ఫొటో పంపారు. అంచున రంగు పోయి కర్ర కనిపిస్తోంది. బీరువాలోంచి పాత బొంగరం, కొత్త బొంగరం తీసి కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టి చూశాను. పాతదాని మీద బొటనవేలు నీటిమీద జారినట్టు జారిపోయింది. కొత్తదాని మీద కర్ర గీతలు వేలికి తగిలాయి.

మర్నాడే ఏటికొప్పాక వెళ్లాను. పెద్దాయన లేత్ మిషన్ దగ్గర ఉన్నారు. తిరిగే కర్రకు లక్క కడ్డీ అదిమితే, ఆ రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. తర్వాత మొగలి ఆకుతో రుద్దితే మెరుపొస్తుంది. రంగులు చెట్ల నుంచీ గింజల నుంచీ తీసినవే. ఈ పనికే 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. నేను రెండు బొంగరాలూ ఆయన ముందు పెట్టాను. ఆయన తల దించుకున్నారు. "ఏటి చేత్తామమ్మా, రేటు తగ్గితే పనిలో ఏదో ఒకటి తగ్గాల కదా. ఒక పూత తగ్గించాను" అన్నారు.

తల దించుకోవాల్సింది ఆయన కాదు. కొన్నవాళ్లకు ఉచితమని నేను చెప్పిన మాటకు డబ్బు ఆయన చేతుల్లోంచి తీసుకున్నాను. తగ్గించిన పది రూపాయలూ బొమ్మ బొమ్మకీ లెక్కకట్టి రెండు విడతల్లో ఇచ్చేశాను. పాత రేటే ఖాయం చేశాను. హైదరాబాద్ ఆమెకు నిండు పూత బొంగరం పంపి, జరిగింది చెప్పాను.

తర్వాత మూడు నెలల బిల్లులు ముందేసుకుని లాంగ్ నోటుబుక్కులో రాసుకున్నాను. పిన్‌కోడ్ మొదటి అంకెలను బట్టి విడగొట్టాను. 5తో మొదలైతే ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక. వాటికి ఒక రేటు, మిగతా దేశానికి ఒకటి, ఈశాన్య రాష్ట్రాలకు ఇంకొకటి. మూడే సైజుల డబ్బాలు కొన్నాను. ఏ బొమ్మ ఏ డబ్బాలో పడుతుందో చూశాకే దాని పేజీ పెడతాను. డబ్బా, గుడ్డ, టేపు ఖర్చు బొమ్మ ధరలో ఉంటుంది, ఎందుకంటే బొమ్మ పగలకుండా చేర్చడం నా పని. దారి ఖర్చు విడిగా, ముందే కనిపిస్తుంది. మూడు నెలలకోసారి రేట్లు సరిచూస్తాను. 2012 నుంచీ కదలని స్పీడ్ పోస్ట్ రేట్లు 2025 అక్టోబరు 1న మారాయి. అలాంటి రోజు పాత అంకె నమ్ముకుంటే మళ్లీ ఎవరో ఒకరి దగ్గర కోత పెట్టాల్సి వస్తుంది.

కొందరు డెలివరీ చార్జీ చూసి వెనక్కి వెళ్తారు. వెళ్లనిస్తాను.

విశాఖలో ఉన్నవాళ్లు ఇంటికొచ్చి తీసుకెళ్తే డెలివరీ చార్జీ లేదు. ఆ మాట చెప్పడానికి గాజువాక ఆవిడకు నేనే ఫోన్ చేశాను. మనవణ్ణి వెంటబెట్టుకుని బస్సులో వచ్చారు. వాడు బొంగరాన్ని మా గచ్చు మీద తిప్పాడు. అది ఆగేదాకా ముగ్గురం చూస్తూ నిలబడ్డాం.